పద్దెనిమిదో మైలులో ఊట

నా సర్వీసు రిజిస్టరులో ఒకే ఒక్క మచ్చ ఉంది. అది భోజనానికి సంబంధించినది. నేను ఎవరి భోజనమూ తినలేదు, ఎవరి భోజనమూ చెడగొట్టాలనుకోలేదు. ఒక చీటీ మీద ఒక మాట రాశాను, అంతే. ముప్పై ఏళ్ళు నిండకుండానే "ఇంక నన్నెవరు తీసుకుంటారు తాతా" అని ముఖాలు వేలాడేసుకుని వచ్చే పిల్లలకు ఈ సంగతి చెబుతుంటాను. వాళ్ళు నవ్వుతారు. నవ్వించడానికి చెప్పేది కాదు గానీ, నవ్వితే నవ్వనీ.

సర్కారు కొలువులో చేరేనాటికి నాకు నలభై మూడేళ్ళు. అంతకు ముందు పదిహేడేళ్ళు బళ్ళారిలో ఒక పత్తి మిల్లులో తూకం గుమాస్తాగా చేశాను. కాపురం కౌల్ బజార్‌లో. ఒకరోజు మిల్లు మూతపడింది. ఎందుకు మూతపడిందో పనివాళ్ళకు ఎవరూ చెప్పరు, మాకూ చెప్పలేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. పెద్దవాడు హైస్కూల్లో ఉన్నాడు.

అప్పటికి సిరుగుప్ప వైపు కొత్త కాలవ పారుతోంది. రాష్ట్రాలు విడిపోయి మా జిల్లా మైసూరు వైపు పోయింది. కాలవ ఆఫీసులో సగంమంది మైసూరు నుంచి వచ్చినవాళ్ళు, సగంమంది పాత మదరాసు వాళ్ళు. కాలవ వెంబడి ఫోను తీగ ఉండేది. కట్టను కాపలా కాసే లస్కర్లు అక్కడక్కడా ఉన్న ఫోన్ల నుంచి కబురు చెబితే, ఆఫీసులో విని చీటీ మీద రాసి పంపేవాడు సిగ్నలరు. ఆ ఉద్యోగానికి స్థానికులకు వయసు సడలించారని విని అర్జీ పెట్టాను. చేతిరాత బాగుందని తీసుకున్నారు. ఆరు నెలలు చూస్తారు. మా ఇంజినీరు మంచి రిపోర్టు రాసి, బళ్ళారి ఆసుపత్రి డాక్టరు ఆరోగ్యం బాగుందని సర్టిఫికెట్టు ఇస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికి.

ఇందులో నేనొక విషయం దాచాను. మిల్లులో నా బల్లకు ఎడమ పక్కనే పత్తి గింజలు తీసే యంత్రాలు ఉండేవి. పదిహేడేళ్ళ ఆ మోతకు నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి శుభ్రంగా వినిపిస్తుంది. అర్జీలో చెవుల సంగతి అడగలేదు, నేను చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే ఏమొస్తుంది, మా ఆవిడకు ఇంకో దిగులు తప్ప.

చేరిన మొదటిరోజే నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. ఆఫీసులో వయసు పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టరు, చేరిన తేదీ నుంచి లెక్కపెడతారు. మా హెడ్ క్లర్కు నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆయన అనుభవం గల మనిషి. నేను ముసలివాణ్ణి. నన్ను చూడగానే ఆయన కళ్ళద్దాలు పైకెత్తి, "ఏమప్పా, ఎవురిని సూడాల? నీ కొడుకేమన్నా ఈడ పన్జేస్తాండాడా?" అన్నాడు. నేను ఆర్డరు కాగితం ఇచ్చాను. దాన్ని ఇటుతిప్పి అటుతిప్పి చూసి, కాగితంలోని పుట్టిన సంవత్సరం మీద వేలు పెట్టి, "ఈ వయసుకు నేర్చుకునేది యాడుంటాదప్పా? కూచో, కూచో" అన్నాడు. కూర్చోబెట్టిన చోటు వాకిలి పక్కన, నీళ్ళకుండ ఉన్న మూల.

నాతో పనిచేసే సిగ్నలరుకు ఇరవై రెండేళ్ళు. మైసూరు పిల్లవాడు, చురుకైనవాడు. వాడు నాకు వారం లోపలే "అజ్జ" అని పేరు పెట్టాడు. కన్నడంలో అజ్జ అంటే తాత. తరువాత బిళ్ళబంట్రోతు కూడా "అజ్జా, ఫోను" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. బంట్రోతుకు మనవరాలు ఉంది. వాణ్ణి ఎవరూ అజ్జ అనలేదు.

ఇక ఫోను. అది గోడకు, బల్లకు ఎడమ వైపున బిగించి ఉండేది. ఎడమ చేత్తో పట్టుకుని ఎడమ చెవికి ఆనించుకుంటే కుడి చెయ్యి రాయడానికి ఖాళీగా ఉంటుంది. అందరికీ అది సౌకర్యం. నాకు మాత్రం ఎడమ చేతిని గడ్డం కింద నుంచి తిప్పి కుడి చెవికి ఆనించుకోవాల్సి వచ్చేది. మెడకు తీగ చుట్టుకునేది. అదేమని అడిగితే మెడనొప్పి అన్నాను. ముసలివాళ్ళకు మెడనొప్పి సహజమని అందరూ నమ్మారు. నా వయసు నాకు పనికొచ్చింది ఆ ఒక్క సందర్భంలోనే.

నాకు ఇంకొక అలవాటు ఉండేది. మిల్లు మోతలో ఏ మాటైనా మూడుసార్లు తిరిగి చెప్పించుకోనిదే రాసేవాళ్ళం కాదు. ఆ అలవాటు ఫోను దగ్గరా పోలేదు. లస్కరు ఏం చెప్పినా అదే మాట తిరిగి చెప్పేవాణ్ణి, అవునంటే మళ్ళా చెప్పేవాణ్ణి, మూడోసారి అయ్యాక రాసేవాణ్ణి. కుర్ర సిగ్నలరు ఒక్కసారి విని, విన్నంతసేపట్లో రాసేసి, నేను మూడోసారికి వచ్చేలోపల కాఫీ తాగి వచ్చేవాడు. "అజ్జా, అవనికి వినపడలేదా, నీకు వినపడలేదా?" అని నవ్వేవాడు. నేను నవ్వేవాణ్ణి కాదు.

మా ఇంజినీరుకు ఇరవై ఏడేళ్ళు. మైసూరు మనిషి. చెడ్డవాడు కాదు. పని అంటే ప్రాణం పెట్టేవాడు. కానీ ముప్పై దాటినవాళ్ళందరూ రిటైరు కావడానికే పుట్టారని ఆయన నమ్మకం. ఆరో నెల మొదట్లో ఒకరోజు నా వెనకగా ఎడమ పక్కన వచ్చి నిలబడి ఏదో అడిగాడట. నేను రాసుకుంటూనే ఉన్నాను. రెండోసారి అడిగాడట. అప్పుడూ అంతే. మూడోసారి బల్ల మీద చరిస్తే ఉలిక్కిపడి లేచాను.

"ఏన్రీ, కివి కేళ్సల్వా?" అన్నాడు. చెవి వినిపించదా అని.

"పనిలో ఉండి గమనించలేదు సార్."

ఆయన తన తెలుగులో, నిదానంగా, నా మంచి కోరేవాడిలా చెప్పాడు. "నోడప్పా, ఇది చెవితో చేసే పని. ఈ వయసులో కష్ట. నెలాఖరికి డాక్టరు సర్టిఫికెట్టు తీసుకురా. చెవి పరీక్ష కూడా చేయించు. అది చూసే నేను రిపోర్టు రాస్తాను."

ఆసుపత్రికి పోతే డాక్టరు రెండు చెవులూ చూస్తాడు. ఒక చెవిని చూపించి రావడానికి కుదరదు. మిల్లు లేదు, ఇది పోతే నలభై మూడేళ్ళవాణ్ణి ఇంకెవరూ వాకిలి దాకా కూడా రానివ్వరు. సెలవు దొరకలేదని ఒక వారం, బస్సు తప్పిపోయిందని ఒక వారం సాకులు చెప్పాను. నెలాఖరు మాత్రం సాకులు వినదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్ద ఇంజినీరు కాలవ చూడటానికి వచ్చాడు. పాత మదరాసు మనిషి, తెలుగు బాగా తెలుసు, ఇంకొక ఏడాదిలో రిటైరవుతాడు. ఆ రోజు మధ్యాహ్న భోజనం పదకొండో మైలు దగ్గర ఒక క్యాంపులో. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి పెట్టుకున్న రైతుల ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. ఆ క్యాంపు పెద్దరైతు భోజనం పెడతానని పట్టుబట్టాడు. రెండు రోజులుగా మా హెడ్ క్లర్కుకు ఇంకొక ఆలోచన లేదు. ఆఫీసంతా కమ్మగా వంకాయ కూర మాటలే. ఆకులు వెయ్యగానే రైతు మాకు ఫోను చేస్తాడు, మేము చీటీ పంపితే దొరలు తాము దిగిన బంగళా నుంచి బయలుదేరుతారు. అదీ ఏర్పాటు.

పన్నెండున్నరకు ఫోను మోగింది. కుర్ర సిగ్నలరు తిండికి పోయాడు. నేనే తీశాను. పద్దెనిమిదో మైలు లస్కరు. దేశనూరు మనిషి, ఎప్పుడూ అదిరిపడనివాడు. ఆ రోజు గొంతు వేరేగా ఉంది.

"అప్పా, పద్దెనిమిదో మైలుకాడ కట్టకింద ఊట పడ్నాది. జోరుగా వస్తాండాది. దొరల్ని జల్దీ రమ్మను."

"పద్దెనిమిదో మైలు. ఊట. జోరుగా ఉంది. జల్దీ రావాలి. అంతేనా?"

"అంతే అప్పా."

"పద్దెనిమిదో మైలు, ఊట..."

"ఔనప్పో! ఎన్ని తూర్లు జెప్పాల!"

"...జోరుగా ఉంది, జల్దీ రావాలి."

"కట్ట పోయినంక రాస్కుంటావా ఏంది?" అని ఫోను పెట్టేశాడు.

మూడుసార్లు అయ్యింది. రాయడమే మిగిలింది. అక్కడే వచ్చింది చిక్కు. ఆఫీసులో కొందరికి తెలుగు రాదు, కొందరికి కన్నడం రాదు, కాబట్టి చీటీలన్నీ ఇంగ్లీషులో రాయాలని రూలు. కట్టలోంచి నీళ్ళు ఊరుతూ బయటికి వస్తే దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. పత్తికి సంబంధించిన ఇంగ్లీషంతా తెలుసు. పత్తికి ఊట పడదు. అడుగుదామంటే హెడ్ క్లర్కు బంగళాలో దొరల పక్కన ఉన్నాడు. ఇంజినీర్లకు తెలియదా ఏమిటి అనుకుని, ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసి పంపాను: "ఊట అట్ మైల్ ఎయిటీన్. హెవీ. కమ్ అట్ వన్స్."

మీలో కన్నడం తెలిసినవాళ్ళు ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. తెలియనివాళ్ళకు చెబుతున్నాను. తెలుగులో ఊట అంటే ఊరే నీళ్ళు. కన్నడంలో ఊట అంటే భోజనం. నాకు ఆ సంగతి తెలియదా? బళ్ళారిలో పుట్టి పెరిగినవాణ్ణి, రోజుకు పదిసార్లు "ఊట ఆయ్తా", భోజనం అయిందా, అని అడిగించుకునేవాణ్ణి. కానీ ఆ క్షణంలో నా బుర్రలో కట్ట ఉంది, నీళ్ళు ఉన్నాయి, భోజనం లేదు.

బంగళాలో మాత్రం భోజనం తప్ప ఇంకేమీ లేదు. బంట్రోతు చీటీ తీసుకుపోయి మా ఇంజినీరుకు ఇచ్చాడు. ఆయన చదివి, పెద్ద ఇంజినీరుతో, "భోజనం తయారట సార్. చోటు మార్చినట్టున్నారు, పద్దెనిమిదో మైలు దగ్గర. బాగా ఘనంగా చేశారట, వెంటనే రమ్మంటున్నారు" అన్నాడట. హెవీ అన్న మాటను ఆయన అలా అర్థం చేసుకున్నాడు. రెండు నిమిషాల్లో జీపు కదిలింది.

రెండు గంటలకు క్యాంపు రైతు ఫోను చేశాడు. "ఏవండీ, ఆకులేసి కూర్చున్నామండీ. వంకాయ కూర చల్లారిపోతోంది. అయ్యగార్లను తొందరగా బయల్దేరమనండీ."

దొరలు ఎక్కడున్నారని బంట్రోతును అడిగాను. వాడు చల్లగా చెప్పాడు. "అప్పుడే ఊటకి పోయినారు గదా అజ్జా, నువ్వు రాసిన చీటీ సూసి. పద్దెనిమిదో మైలుకి. దొరలు మంచి ఆకలిమీద పోయినారు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోనులో రైతు "హలో, హలో" అంటున్నాడు. "బయలుదేరినారు సార్" అన్నాను. "దారి వేరే అయింది."

పద్దెనిమిదో మైలులో జరిగింది తరువాత లస్కరే నాకు చెప్పాడు. జీపు దిగుతూనే పెద్ద ఇంజినీరు చేతులు తుడుచుకుంటూ, "యాడప్పా ఆకులు?" అన్నాడట. వీడికి ఆకులేమిటో అర్థం కాలేదు. మా ఇంజినీరు "ఊట ఎల్లి, ఊట?" అని, ఎక్కడ అని గద్దించాడట. ఆ మాట వీడికి బాగా అర్థమైంది. "ఈడనే సామీ, రాండి" అని కట్ట కిందికి తీసుకుపోయి చూపించాడట. కట్ట అడుగున మనిషి నడుమంత వెడల్పున నీళ్ళు ఎగదన్నుతున్నాయి. అప్పుడప్పుడే బురద రంగు తిరుగుతున్నాయి. తేటగా వస్తే కంగారు లేదు. బురద వస్తోందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకువస్తోందని. ఇంకొక రెండు గంటలైతే కట్ట ఉండదు, కింద వరి ఉండదు, దేశనూరు వాళ్ళ చేలూ ఉండవు.

పెద్ద ఇంజినీరు ఆకలి మరిచిపోయాడు. పైన తూములు మూయించాడు. దేశనూరు నుంచి ఆడా మగా గంపలతో, ఇసుక సంచులతో వచ్చారు. మా ఇంజినీరు చొక్కా విప్పి మోకాటి లోతు బురదలో దిగి సంచులు అందుకున్నాడట. పొద్దు వాలేసరికి కట్ట నిలిచింది. అప్పటిదాకా ఎవరికీ మెతుకు లేదు.

ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. అంతకు ముందు రెండుసార్లు ఇలాంటి కబుర్లు వచ్చాయి. కుర్ర సిగ్నలరు సరైన ఇంగ్లీషు మాటతోనే రాసి పంపాడు. వాటి మీద "రేపు చూద్దాం" అని రాసి తిరిగి పంపారు. ఈసారి రెండు నిమిషాల్లో బయలుదేరారు. నేను ఏమీ అనడం లేదు, జరిగింది చెబుతున్నాను.

మర్నాడు పొద్దున బంగళా వరండాలో విచారణ. పెద్ద ఇంజినీరు కుర్చీలో, మా ఇంజినీరు ఆయన పక్కన, హెడ్ క్లర్కు కాగితాలతో, నేనూ లస్కరూ ఎదురుగా. మా ఇంజినీరు ముఖం మాడ్చుకుని ఉన్నాడు. పై అధికారిని లేని భోజనానికి పరుగెత్తించాడు, ఆయన బాధ ఆయనది.

"సార్, ఈయన వయసు మళ్ళిన మనిషి" అన్నాడు. "చెవి సరిగా లేదని నాకు ముందే అనుమానం. సర్టిఫికెట్టు తెమ్మంటే తేలేదు. ఫోనులో ఒకటి చెబితే ఇంకొకటి విని రాశాడు. ఇలాంటివాణ్ణి ఉంచుకుంటే ప్రమాదం. తీసేయాలని రాస్తాను."

"ఆయప్ప సరిగ్గానే ఇన్నాడు సామీ" అన్నాడు లస్కరు, ఎవరూ అడగకుండానే. "నేను ఊట అనే జెప్పినా. ఆయప్ప ఊట అనే రాసినాడు. మూడు తూర్లు తిరిగి జెప్పినాడు, నాకే ఇసుగొచ్చె."

మా ఇంజినీరు ఆ మాటను అందుకున్నాడు. "చూశారా సార్? చెవి వినిపించేవాడు మూడుసార్లు ఎందుకు అడుగుతాడు?"

పెద్ద ఇంజినీరు నా వైపు తిరిగాడు. "చెప్పప్పా. ఎందుకడుగుతావు?"

మిల్లు అలవాటు అని చెప్పి ఉండొచ్చు. అది అబద్ధం కాదు. సగం నిజం. ఐదున్నర నెలలుగా ఆ సగంతోనే బతుకుతున్నాను. మెడనొప్పి, బస్సు తప్పిపోవడం, పనిలో ఉండి గమనించకపోవడం. అన్నీ మోసి మోసి అలిసిపోయాను. భయం వేసింది, ఆ మాట దాచను.

"ఎడమ చెవి లేదు సార్" అన్నాను. "మిల్లులో పోయింది. ఒక్క చెవితో వినేవాణ్ణి, తప్పు వింటానేమోనని ప్రతిసారీ భయం. అందుకే మూడుసార్లు అడుగుతా."

హెడ్ క్లర్కు చేతిలోని కలం కింద పడింది. దాన్ని ఎవరూ తియ్యలేదు. పెద్ద ఇంజినీరు చీటీని దగ్గరగా పట్టుకుని ఇంకోసారి చదివాడు. తరువాత మా ఇంజినీరును చూశాడు.

"నీకు రెండు చెవులూ బాగుండాయి గదప్పా. ఈ చీటీ జూసినాక ఎన్ని తూర్లు అడిగితివి?"

మా ఇంజినీరు చీటీ కోసం చెయ్యి చాచి, మళ్ళా వెనక్కి తీసుకున్నాడు.

"నేనూ అడగలేదులే" అన్నాడు పెద్ద ఇంజినీరు. "నాకూ ఆకలైతాండె."

తీర్పు ఇదీ. కబుర్లలో ఇంగ్లీషు మాటలు సరిగా వాడలేదని నాకు హెచ్చరిక, సర్వీసు రిజిస్టరులో నమోదు. నేను మొదట చెప్పిన మచ్చ అదే. ఇక నుంచి సిగ్నలర్లందరూ ప్రతి కబురూ మూడుసార్లు తిరిగి చెప్పాకే రాయాలని ఒక ఆర్డరు. డాక్టరుకు పెద్ద ఇంజినీరే ఒక ఉత్తరం రాసి ఇచ్చాడు, కుడి చెవి బాగుంటే చాలునని. వడ్రంగిని పిలిపించి ఫోనును బల్లకు కుడి వైపుకు మార్పించాడు. దాంతో కుర్ర సిగ్నలరు మెడకు తీగ చుట్టుకోవడం మొదలైంది. ప్రతి కబురూ మూడుసార్లు చెబుతూ వాడు నన్ను తిట్టుకున్న తిట్లు నా కుడి చెవికి బాగానే వినిపించాయి.

మా ఇంజినీరు నాకు క్షమాపణ చెప్పలేదు. నేను ఆశించలేదు. నెలాఖరుకు మంచి రిపోర్టు రాశాడు. తరువాత ఎప్పుడు నాతో మాట్లాడాల్సి వచ్చినా నా కుడి పక్కకు వచ్చి నిలబడేవాడు. అజ్జ అన్న పేరు మాత్రం పోలేదు. రిటైరయ్యేదాకా అదే పిలుపు. అప్పటికి నిజంగానే అజ్జనయ్యాను కాబట్టి ఊరుకున్నాను.

విచారణ జరిగిన సాయంత్రమే బస్సు పట్టుకుని బళ్ళారికి పోయాను. మా ఆవిడ చాటలో బియ్యం చెరుగుతోంది. ఉద్యోగం నిలిచిందని చెప్పాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక దాచడం ఎందుకని, ఆమె పక్కన కూర్చుని, ఇన్నేళ్ళుగా దాచిన సంగతి చెప్పాను. నా ఎడమ చెవి ఎప్పుడో పోయిందని, దిగులు పడుతుందని చెప్పలేదని.

ఆమె చాట పక్కన పెట్టి నన్ను చూసింది.

"నాకు తెలీదా ఏంది?" అంది. "చిన్నది పుట్టినప్పట్నుంచి నేను మీ కుడిపక్కనే గదా కూచుంటాండేది."